బొక్కల పులుసు



టోక్యో ప్రయాణం గురించి రాయమని చాలామంది అడిగారు. సదస్సులో ఎవరేం మాట్లాడారో మరోసారి రాస్తాను. ఈరోజు ఒక్క పూట తిండి గురించే.

షినగావా స్టేషన్ దగ్గర చిన్న రామెన్ హోటల్. ఒక పొడవాటి బల్ల, పది కుర్చీలు. గుమ్మం పక్కనే మిషన్. డబ్బులు వేసి బటన్ నొక్కితే చీటీ వస్తుంది. అది బల్ల మీద పెట్టి కూర్చోవడమే. మంచినీళ్లు ఎవరికి వాళ్లే పోసుకోవాలి. గ్లాసులన్నీ ఒక్కచోటే బోర్లించి ఉన్నాయి. టీకొట్టులో వేరే గ్లాసు కడుక్కుని తాగిన తాతకు మనవణ్ని కదా, ఆ గ్లాసుల వరుసను కాసేపు అలా చూస్తూ ఉండిపోయాను.

నేను తోన్‌కొత్సు రామెన్ తీసుకున్నాను. తోన్ అంటే పంది, కొత్సు అంటే ఎముక. పంది బొక్కలను పెద్ద మంట మీద గంటల తరబడి మరిగిస్తే మూలుగ, కొవ్వు, జిగురు నీళ్లలో కలిసిపోయి పులుసు పాలలా తెల్లబడుతుంది. అందులో నూడుల్స్, రెండు మాంసం ముక్కలు, ఉల్లికాడలు. రామెన్ మొదట చైనా నుంచి వలస వచ్చిన వంటవాళ్ల తిండి. కూలీలు, విద్యార్థులు బండ్ల దగ్గర తిన్న తిండి. ఇప్పుడు ప్రపంచమంతా దాన్ని జపాన్ వంట అంటోంది.

చుట్టూ ఆఫీసు మనుషులు గిన్నె ఎత్తి జుర్రుమని తాగుతున్నారు. ఎవరూ మొహం తిప్పుకోలేదు. ఆ చప్పుడు మా ఇంట్లో ఆదివారం చప్పుడు. అమ్మ పొద్దున్నుంచి కట్టెల పొయ్యి మీద పెద్దకూర బొక్కలు మరిగించేది. నాన్న బొక్కను కంచానికి తట్టి, రాలిన మూలుగను నా నోట్లో పెట్టేవాడు.

డిగ్రీ చదివేటప్పుడు పట్నంలో గది అద్దెకు తీసుకున్నాను. ఇంటామె కులం అడగలేదు. "ఏం తింటారు?" అని అడిగింది. రెండూ ఒకటే ప్రశ్న. చికెన్ అని చెప్పాను. ఒకసారి అమ్మ ఊరి నుంచి డబ్బాలో బొక్కల పులుసు తెచ్చింది. తలుపు మూశాను, కిటికీ మూశాను, అగరుబత్తి వెలిగించాను. "ఇంకోసారి తేకు అమ్మా" అన్నాను. ఆమె బస్టాండుకు పోకముందే, తిన్నానని చెప్పి, ఆ పులుసు కాలువలో పారబోసి వచ్చి డబ్బా ఆమె సంచిలో పెట్టాను. ఇరవై ఏళ్లుగా ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఆహార హక్కు గురించి మాత్రం ఎన్నో స్టేజీల మీద మాట్లాడాను.

"మీ దగ్గర ఎంత స్వేచ్ఛ!" అన్నాను పక్కనున్న జపాన్ మిత్రుడితో. అతను గిన్నె దించి, "తినేవాడికి ఉంది. కోసేవాడి సంగతి పొద్దున చూశావు కదా" అన్నాడు.

అతను బురాకు. తోలు పని, పశువుల కోత చేసినందుకు "ఎత", అంటే బోలెడు మైల, అని ముద్ర వేసిన జనం. 1871లో ప్రభుత్వం ఆ పేర్లు రద్దు చేసింది. పెళ్లిళ్లలో, ఉద్యోగాల్లో వెలి పోలేదు. 1922 మార్చి 3న క్యోటోలో వాళ్లు సుయిహేషా అనే సంఘం పెట్టుకున్నారు. బాబాసాహెబ్ మహద్ చెరువు నీళ్లు తాగింది 1927 మార్చి 20న. ఐదేళ్ల తేడా. 1975లో మరో సంగతి బయటపడింది. బురాకు వాడల పేర్లు అచ్చేసిన పుస్తకాలను కంపెనీలకు చాటుగా అమ్ముతున్నారు. ఉద్యోగానికి వచ్చినవాడిది ఏ వాడో చూసుకోవడానికి. మన దగ్గర ఇంటిపేరు అడిగినట్టే.

ఆ పొద్దున మేం దగ్గర్లోనే ఉన్న షిబౌరా మాంసం మార్కెట్‌కు వెళ్లాం. అక్కడి ప్రదర్శనశాలలో, కోత పని చేసే కార్మికులను తిడుతూ వచ్చిన ఉత్తరాలు పెట్టారు. అక్కడ పనిచేసేవాళ్లంతా బురాకు కారు. అయినా ఆ పనికి అంటగట్టిన మైల అందరికీ అంటుతోంది. ఆ ఉత్తరాలు రాసినవాళ్లలో ఇలాంటి బల్ల ముందు కూర్చుని జుర్రుకున్నవాళ్లు ఎంతమందో! బొక్కల పులుసుకు గౌరవం వచ్చింది, బొక్క కొట్టిన చేతికి రాలేదు.

రాత్రి అమ్మకు ఫోన్ చేశాను.

"ఏం తిన్నవ్ బిడ్డా?"

"బొక్కల పులుసు అమ్మా. పంది బొక్కలది."

"ఎవరింట్ల?"

"హోటల్ల. అందరి ముంగట."

కాసేపు ఏమీ అనలేదు. అప్పుడు కాలువ సంగతి చెప్పాను.

"నాకెర్కనే కొడకా. డబ్బాకు కాలువ బురద అంటి ఉండె" అంది. "ఇంతకూ ఉప్పు సరిపోయిందా అండ్ల?"

హాస్టల్లో, అద్దె గదిలో డబ్బా మూత తీయడానికి భయపడుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ భయం మీ తప్పు కాదు. కానీ వండి తెచ్చిన అమ్మతో అబద్ధం ఆడకండి. ఆమెకు తెలుస్తుంది.

వచ్చే నెల ఊరికి పోతున్నాను. పొయ్యి మీద బొక్కలు పెట్టమని చెప్పాను.

జై భీమ్.