గంటన్నర సెలవు

కీళ్ళవాతమంటే మనవాళ్ళ దృష్టిలో ముసలితనపు జబ్బు. డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అనేది అది కాదు. అరిగిపోయిన కీలు కాదిది; ఒంటిని కాపాడవలసిన రక్షణశక్తే కీళ్ళ మీద తిరగబడటం. చాలామందికి ఉద్యోగం చేసే వయసులోనే మొదలవుతుంది. మగవారికన్నా ఆడవారికి రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది.

దీనికి వేళాపాళా తెలుసు. పొద్దున లేచేసరికి వేళ్ళు కొయ్యబారి ఉంటాయి. గంటో రెండు గంటలో గడిస్తేగాని వదులు కావు. ఉదయం పంపు తిప్పలేని చెయ్యి మధ్యాహ్నం ఫైలు రాయగలదు. చూసేవారికి ఇదంతా నటనలా కనిపించటంలో ఆశ్చర్యం లేదు.

నాకీ జబ్బు వచ్చి తొమ్మిదేళ్ళు. ఇల్లు తెనాలిలో, ఉద్యోగం రేపల్లెలోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో. పదిన్నరకల్లా కుర్చీలో ఉండాలంటే తెల్లవారుజామునే వేళ్ళతో బేరం మొదలుపెట్టాలి. సెలవులు లేవా అంటే ఉన్నాయి. ఏడాదికి 15 ఆకస్మిక సెలవులు, 30 ఆర్జిత సెలవులు, 20 అర్ధవేతన సెలవులు. వైద్యుని ధ్రువపత్రం పెడితే రెండు అర్ధవేతన దినాలకు ఒక పూర్తి జీతపు దినం చొప్పున మార్చుకోవచ్చు. అదీ సర్వీసు మొత్తానికి 240 రోజులే.

అన్నీ రోజుల లెక్కలే. నాకు కావలసింది గంటన్నర! పన్నెండింటికి వచ్చి ఆరున్నరదాకా కూర్చుంటానంటే ఒక అధికారి నోటిమాటగా సరేనన్నారు. ఆ రెండేళ్ళలో నేను పెట్టిన వైద్య సెలవు నాలుగు రోజులు. ఆయన బదిలీ అయ్యాక వచ్చినవారు "రూలు చూపించండి" అన్నారు. ఆ ఒక్క ఏడాదీ 38 రోజులు ఇంట్లో ఉన్నాను. జబ్బు అదే, మందులూ అవే.

రూలు లేకపోలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం జాబితాలో 21 వైకల్యాలున్నాయి. మా జబ్బు పేరు అందులో లేదు గాని, కీళ్ళు పాడైతే చలన వైకల్యం కింద లెక్కకు వస్తుంది. 20వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ కార్యాలయం వికలాంగ ఉద్యోగికి తగిన సర్దుబాటు చేయాలి. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చినవారిని తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు. ఈ సర్దుబాటుకు 40 శాతం వైకల్యం ఉండి తీరాలా? అక్కర్లేదని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో వికాశ్ కుమార్ కేసులో తేల్చింది. రాయబోతే చెయ్యి పట్టేసే జబ్బున్న అభ్యర్థి పరీక్షలో తనకు లేఖకుణ్ణి ఇమ్మని అడిగిన కేసది. కానీ మా దగ్గర ఇప్పటికీ మొదటి ప్రశ్న "సదరం సర్టిఫికెట్‌లో ఎంత శాతం?" అనే.

బాపట్లలో మా అక్కకూ ఇదే జబ్బు. ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేది. సుద్దముక్క జారిపోతోందని ఒక ఏడాది ఓర్చుకున్నారు, రెండో ఏడాది మానెయ్యమన్నారు. ఈఎస్ఐలో చేరిన ఉద్యోగికి, నిబంధనల మేరకు, జబ్బుపడ్డ రోజులకు వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజులదాకా వస్తుంది. ఆ బడి అందులో చేరనేలేదు. పింఛనుకు వెళితే శిబిరంలో 30 శాతమని రాశారు. ఆ పింఛను 2024 జూలైలో 3,000 నుంచి 6,000 రూపాయలకు పెరిగింది, కానీ కావలసింది 40 శాతం. డాక్టరుగారిని తప్పు పట్టను. కీలు ఎంత వంగుతోందో, పిడికిలి బలమెంతో ఆయన కొలవాలి. శిబిరంలో వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. అక్క వేళ్ళు అప్పటికి వంగుతున్నాయి.

ఇందులో ఒక విడ్డూరముంది. వేళ్ళు వంకర పోకుండా నిలబెడుతున్నది వారానికొకసారి మింగే మెథోట్రెక్సేట్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలో, అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో 1940లలో తయారైన మందు. దానికి తోడుగా వేసుకునే ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసిందీ ఆ బృందమే. ఆ మందు క్రమం తప్పక వేసుకుని, రక్తపరీక్షలు చేయించుకుంటూ కీళ్ళను కాపాడుకున్నవారికి శాతం తగ్గుతుంది. వేళ్ళు వంకర పోనిచ్చినవారికి పెరుగుతుంది. పాడైన కీలుకు విలువ కట్టే లెక్క ఉంది గాని, పాడవకుండా ఉద్యోగంలో నిలబడటానికి పడే పాటుకు లెక్క లేదు.

పింఛను మాటెత్తితే అక్క ఒకటే అంటుంది: "నాకు ఆరువేలు వద్దురా, మొదటి పీరియడు ఇంకొకరికి ఇస్తే చాలేది."

పోయిన నెల సుప్రీంకోర్టు తీర్పు ప్రతి జతచేసి అర్జీ పెట్టాను. జవాబు రాలేదు. మీకు తెలిసిన ఏ కార్యాలయంలోనైనా ఇలాంటి వేళల సర్దుబాటును రాతపూర్వకంగా ఇచ్చి ఉంటే దయచేసి చెప్పండి. ఆ ఉత్తర్వు కూడా జతచేస్తాను.