ఇరవై మూడు నోటుబుక్కులు

మన పత్రికలో పీఎఫ్ సంగతి, పెన్షను సంగతి, పిల్లల పెండ్లిళ్ళ సంగతి ప్రతి నెలా వస్తది. రావాల్సిందే. నేను మాత్రం ఈసారి ఒక కథ సంగతి రాస్తున్న. అది నేనే రాసిన కథ. 1988 లో మొదలుపెట్టిన, ఈ ఏడు నూలు పున్నమకు మార్కండేయుని రథం తిరిగిన మరునాడు అయిపోయింది. ముప్పై ఆరేండ్లు పట్టింది. ఇరవై మూడు నోటుబుక్కులు అయినయి.

నేను చదివింది నాలుగో తరగతి. ఇక్కడి సోలాపూర్ మునిసిపాలిటీ తెలుగు బళ్ళో. పదకొండేండ్లకు చాదర్ల కార్ఖానాలో కండెలు చుట్టే పనికి పెట్టిండ్రు. సాంచాల చప్పుడులో మనిషి మాట మనిషికి వినబడదు, మీకు తెలియందా. కానీ కరెంటు పోయిందంటే ఒక్కసారిగా చెవులు మూసుకుపోయినట్టు అయ్యేది. ఆసామికి నష్టం, మాకు పండుగ. జకార్డు సాంచాల కింద నీడలో అందరూ కూసుండేటోళ్ళు. వాళ్ళలో తెలుగు చదవ వచ్చేటోళ్ళు ఇద్దరో ముగ్గురో. నాకు వస్తది గనుక చందమామ నా చేతికి ఇచ్చేటోళ్ళు.

అప్పుడు అందులో శిథిలాలయం సీరియల్ నడుస్తుండె. శిఖిముఖి, విక్రమకేసరి. పెద్ద పెద్ద మీసాలోళ్ళు బీడీ ఆరిపోయింది కూడా చూసుకోకుండా వినేటోళ్ళు. అదే కథ మరాఠీ చాందోబాలో కూడా వచ్చేది. పక్క సాంచా మీద పనిచేసే మరాఠా కాకా వాళ్ళింట్లో పిల్లలతోని చదివించుకొని వచ్చి, నేను చదవకముందే సగం చెప్పేసేటోడు. దానికి ఆయనను మావోళ్ళు తిట్టేటోళ్ళు.

కొత్త చందమామ కొనే స్తోమత మాకు లేదు. రద్దీ దుకాణంలో పాతవి తెచ్చేటోణ్ణి. అక్కడ ఏ నెలది దొరికితే ఆ నెలదే. ఒకసారి మార్చి సంచిక ఉండేది, ఏప్రిల్‌ది ఉండేది కాదు, మే దొరికేది. మార్చిలో వీరులు గుహలో చిక్కుకుంటే, మేలో గుర్రాల మీద పోతుండేటోళ్ళు. మధ్యన ఏమైందని పెద్దోళ్ళు నన్ను అడిగితే ఏం చెప్పాలె? ఏప్రిల్ నెల నేనే కల్పించి చెప్పేటోణ్ణి. గుహకు ఇంకో దారి ఉన్నదని, ఆ దారిలో ఒక ముసలి మొసలి ఉన్నదని, దానికి పన్ను నొప్పి ఉన్నదని. నా మొసలి మీద వాళ్ళకు ఎంత ప్రేమ కుదిరిందంటే, తర్వాతి నెలల్లో అది ఎందుకు కనబడతలేదని అడిగేటోళ్ళు. అప్పటి నుంచే నాకు ఈ రోగం పట్టుకున్నదని మా ఇంటామె అంటది.

ఆ సీరియళ్ళు ఎవరు రాసిండ్రో మాకు అప్పుడు తెలియదు. కథ మీద పేరు ఉండేది కాదు. చిత్ర గారి బొమ్మలు మాత్రం గుర్తుపట్టేటోళ్ళం. రాసినాయన దాసరి సుబ్రహ్మణ్యం అని నాకు 2010 లో తెలిసింది, ఆయన విజయవాడలో పోయినంక. 1954 లో తోకచుక్కతో మొదలుపెట్టి భల్లూక మాంత్రికుడు దాకా అట్లాంటివి పన్నెండు రాసిండట. చందమామ ఆఫీసులోనే యాభై ఏండ్లకు పైగా కొలువు. కోట్లమంది పిల్లలను రాత్రులు నిద్రపోకుండా చేసిన మనిషి, పేరు లేకుండ పనిచేసిండు. ఈ సంగతి నన్ను శానా రోజులు పట్టుకున్నది. చాదరు మీద మాత్రం నేసినోని పేరు ఉంటదా? మిల్లు ముద్ర ఉంటది. ఆయనా మనలాంటోడే అనిపించింది.

నా కథకు మొదలు మా బిడ్డ. 1988 లో దానికి ఆరేండ్లు. మా ఇంటి ముందు అరుగు మీద సాయంత్రం అయిదుగురు ఆడోళ్ళు చేటలు ఒళ్ళో పెట్టుకొని బీడీలు చేసేటోళ్ళు. వెయ్యి పూర్తి కావాలె, ఆకు కత్తిరించాలె, కట్టలు కట్టాలె. బిడ్డ సతాయిస్తే పని సాగదు. నేను పగటి పాళీ ఉన్న వారం కథ చెప్పేటోణ్ణి. ఏడు మడతల కొండ ఒకటి. దాని మీద బూడిదనేత్రుడనే మాంత్రికుడు ఒక రాజ్యంలోని రంగులన్నీ దోచుకుపోయి దాచిపెట్టిండు. నేసే గుడ్డ అంతా తెల్లగా, బూడిదగా అయిపోయింది. సాలోళ్ళ పిల్లగాడు మల్లుడు, వానితోని ఒక కుంటి గద్ద, రంగులు తేవడానికి బయలుదేరుతరు. మడతకొక లోకం. ఇంతే కథ.

తర్వాతి వారం రాత్రి పాళీ పడేది. దాని తర్వాత వచ్చి కూసుంటే, ఎక్కడ ఆపిననో నాకు యాదికి రాకపోయేది. ఆడోళ్ళకు మాత్రం అంతా యాదే. గద్దకు ఎడమ కాలు కుంటి, నువ్వు కుడి కాలు అంటున్నవు అని పట్టుకునేటోళ్ళు. వీళ్ళతో వేగలేక, ఎక్కడ ఆపిననో రాసుకోవడానికి ఒక లాంగ్ బుక్కు కొన్న. కథ రాయాలని కొనలేదు, గుర్తు కోసం కొన్న. అది మూడు నెలలకు నిండింది.

తర్వాత సంగతులన్నీ మీకూ జరిగినవే. మిల్లు గేటుకు తాళం పడ్డది. రావాల్సిన పైసలు ఎన్నో ఏండ్లు రాలేదు. నేను ఒక గోదాము దగ్గర రాత్రి కాపలాకు కుదిరిన. అయిదో మడత అంతా ఆ గోదాము బల్బు కిందనే రాసిన. ఆ మడతలో ఒక రాజు పనోళ్ళకు జీతం బదులు తూచి తూచి రాళ్ళు ఇస్తుంటడు, రేపు ఇవే బంగారం అయితయని చెప్పుతుంటడు. ఇది ఎక్కడి నుంచి వచ్చిందో మీకు చెప్పే పని లేదు.

దాసరి వారికి నెల నెలా గడువు. ఒక సీరియల్ అయిపోతే ఇంకోటి అందుకోవాలె. బాధపడడానికి తీరిక దొరికిందో లేదో. నాకు గడువు పెట్టినోడు లేడు. అందుకే ఇన్నేండ్లు సాగింది. బిడ్డ పెండ్లి సంవత్సరం ఒక్క పేజీ రాయలేదు. కంటి ఆపరేషను తర్వాత పెద్ద పెద్ద అక్షరాలు పడ్డయి, చివరి రెండు నోటుబుక్కులు అందుకే అయినయి, లేకుంటే ఒకటిలో సరిపోవు.

అయిపోయిన రోజు సంతోషంగా ఉంటదనుకున్న. ఆ రాత్రి మంచి నిద్ర కూడ పట్టింది. తెల్లారి నాలుగు గంటలకు అలవాటుగా లేచి, చాయ్ పెట్టుకొని, కుర్చీల కూసున్న. కలం తీసిన. రాసేది ఏమీ లేదు. మల్లుడు ఇంటికి వచ్చేసిండు. వాడు ఇప్పుడు వాళ్ళ అవ్వ దగ్గర కూసుండి రంగు నూలు చుట్టుకుంటున్నడు, వానికి నాతో పని లేదు. సాంచా మీద భీము అయిపోతే గుడ్డ కోసి తీసి, కొత్త భీము ఎక్కేదాకా మనం చేతులు కట్టుకొని నిలబడతం కదా, అట్ల ఉన్నది. అక్కడ ఒక గంటకో పూటకో కొత్తది వచ్చేది. వారం రోజులు నేను తిండి సరిగ్గ తినలేదు. డాక్టరు దగ్గరికి పోదామా అన్నది మా ఇంటామె. దీనికి డాక్టరు ఏం రాస్తడు?

ఆమెకు నాకు మాట పోయింది కూడ అప్పుడే. అరుగు మీది అయిదుగురిలో ముగ్గురు పోయిండ్రు, ఒకామె కొడుకు దగ్గరికి సూరత్ పోయింది. మిగిలింది మా ఇంటామె ఒక్కతే. ఆమెకు అక్షరం రాదు. చివరి మడత మొత్తం చదివి వినిపించిన. కుంటి గద్ద ఏడో మడతలోనే ఆగిపోతది. రంగులు కిందికి దించాలంటే ఎవరో ఒకరు పైన ఆ తలుపు పట్టుకొని ఉండాలె. గద్ద ఉంటది. ఇది నాకు ఇరవై ఏండ్ల కింది నుంచే తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

ఆమె చేట పక్కన పెట్టింది. "ముప్పై ఆరేండ్లు వెంట తిరిగింది. దాన్ని ఆడ ఇడిసి వస్తడా వాడు?" అన్నది.

"వేరే తొవ్వ లేదు" అన్న.

"రాసేటోనివి నువ్వే కదా. లేకుంటే పుట్టియ్యి. మొసలికి పన్ను నొప్పి పుట్టించినవు."

దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. కానీ మార్చలేదు. మూడు వారాలు నోటుబుక్కు తెరిచి చూసిన, మూసిన. గద్ద దిగి వస్తే అంతకుముందు రాసిన ఆరు మడతలు నిలబడవు. అది నాకు తెలుస్తది, ఆమెకు కోపం వస్తది, రెండూ నిజమే.

ఇంకో చిక్కు ఉన్నది. మా బిడ్డ మరాఠీ బళ్ళో చదివింది, తెలుగు మాట్లాడతది గాని చదవలేదు. మనుమరాలు పుణెలో ఇంగ్లీషు బడి. నేను పోయినంక ఈ ఇరవై మూడు నోటుబుక్కులు ఈ ఇంట్లో చదివేటోళ్ళు లేరు. మళ్ళా రద్దీ దుకాణానికే పోతయి, కిలోల లెక్కన. అచ్చు వేయిద్దామని ఒక ప్రెస్సులో అడిగిన. వాళ్ళు చెప్పిన లెక్కకు నా పెన్షను ఎన్నేండ్లు దాచినా చాలదు. నేనేం బాధపడలేదు. అడిగి చూసిన, అంతే.

దసరాకు మనుమరాలు వచ్చినప్పుడు, "తాతా, నువ్వు చదువు, నేను ఫోన్లో పెట్టుకుంట" అన్నది. రికార్డు చేసే బటన్ ఎక్కడున్నదో చూపించి పోయింది. అప్పటి నుంచి పొద్దున్నే చదువుతున్న. మొదటి రెండు నోటుబుక్కులు మా ఇంటామె లోపలి అర్రలోనే ఉండి విన్నది, వింటలేనట్టు. మూడో దాంట్లో గద్ద గుడ్డులోంచి బయటికి వస్తది. ఆ రోజు వచ్చి నా పక్కన కూసున్నది. నేను కుడి కాలు అని చదివితే ఎడమ అని గట్టిగ అన్నది, అది కూడ ఫోన్లో పడ్డది. తీసేయనీయలేదు మనుమరాలు.

ఇప్పుడు నాలుగోది నడుస్తున్నది. నల్లా నీళ్ళు వచ్చే రోజు మాత్రం చదువుడు ఉండదు, బిందెల చప్పుడుకు ఏమీ వినబడదు.