రాతిగోడ మీద నూగు మొక్క

మలేషియా వెళ్ళిన మనవాళ్ళు కౌలాలంపూర్ దగ్గరి బటు కేవ్స్‌లో 272 మెట్లెక్కి సుబ్రహ్మణ్యస్వామిని చూడకుండా రారు. ఆ హడావిడిలో పక్కనున్న సున్నపురాతి గోడని ఎవరు చూస్తారు చెప్పండి?

ఆ దేశపు సున్నపురాతి కొండల మీద ఒక ఫెర్న్ మొక్క ఉంటుంది. పేరు ఆడియాంటం మలేసియానమ్. 1963లో ఆ పేరు పెట్టింది మన దేశపు వృక్షశాస్త్రవేత్త ఘటక్ గారే! గుప్పెడు మట్టయినా లేని రాతి నెర్రెల్లో బతికేస్తుంది. కాడ నిండా, ఆకుల నిండా గోధుమరంగు నూగు. పువ్వు లేదు, గింజ లేదు. ఆకు అంచు మడతలో పొడిలాంటి సిద్ధబీజాలుంటాయి. అదీగాక, తోకలా సాగిన ఆకు కొస రాయిని తాకిందా, అక్కడే వేరుపోసుకుని పిల్లమొక్కయిపోతుంది. తల్లి కొంగు పట్టుకున్న పిల్లలా ఎంత ముద్దుగా ఉంటుందో!

అలాంటి కొండల్ని సిమెంటు కోసం, పాలరాయి కోసం తవ్వేస్తున్నారు. కొన్ని మొక్కలైతే ఒకటి రెండు కొండల మీదే ఉంటాయి. కొండ పోతే అవీ పోయినట్టే.

చూడగానే వేరుతో పీకి తెచ్చుకోవాలనిపిస్తుంది, నిజమే. కానీ ధ్రువపత్రం లేకుండా మొక్కల్ని మన దేశంలోకి తేనివ్వరు. ముచ్చటపడితే ఇదే జాతి ఫెర్నులు మన నర్సరీల్లోనే దొరుకుతాయి. కొండమీది దాన్ని కళ్ళారా చూసి, అక్కడే ఉండనిద్దాం.