వాననుబట్టి ఆదరణ

అభిమానులు ఇష్టపూర్వకంగా ఇచ్చేదానితో గాయకుడు బతకగలడా అన్న ప్రశ్నకు, ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వానతోనే సరిపెట్టుకునే అనంతపురం సీమ చెప్పే జవాబు కఠినమైనది. త్యాగరాజస్వామి (1767–1847) తిరువయ్యారులో ఉంఛవృత్తిని, అనగా వీధుల్లో పాడుతూ గృహస్థులు వేసిన బియ్యంతో జీవించడాన్ని, ఆదర్శంగా నిలిపిన మాట నిజమే గాని, అది కావేరి పారే నేల. ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంటలో, హార్మోనియం, మృదంగాల తోడుగా పాడుతూ తోలుబొమ్మలాడించే కుటుంబాలకు రైతు ఇచ్చే సంభావన వేరుశనగ పంటను, ఆ పంట వానను నమ్ముకున్నవి. విరాటపర్వం ఆడిస్తే వాన కురుస్తుందన్న నమ్మకం ఉన్నచోట, ఆట కావాలని ఊరు కోరుకునేదీ, ఇచ్చే చెయ్యి ముడుచుకుపోయేదీ ఒకే కరువు ఏడాదిలో కావడం ఈ వృత్తికున్న పెద్ద విషాదం. ఆ కుటుంబాలు ఇప్పుడు అదే తోలుతో ల్యాంప్‌షేడ్లు చేసి అమ్ముతున్నాయి. ఆ ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ కూడా లభించింది. అయినా బొమ్మకు కొనేవారు దొరికినంత సులువుగా పాటకు దొరకరు. అభిమానం ఉండీ ఇవ్వలేని రైతును తప్పుపట్టడం అన్యాయం కనుక, పంట పండినా ఎండినా ఆగని పింఛనును, పాఠశాలల్లో ఏటా ఖాయమైన ప్రదర్శనలను ప్రభుత్వమే సమకూర్చాలి. ప్రేక్షకులిచ్చేది ఆపైన అందే ఆదరణగానే ఉండాలి.