పత్తి పడవల దారిలో

సికింద్రాబాదులో రాత్రి మణుగూరు బండి ఎక్కితే తెల్లవారేసరికి కొత్తగూడెంలో దిగవచ్చు. అక్కణ్ణించి భద్రాచలానికి బస్సు. మేము బయలుదేరింది రామదర్శనానికే. కాని దుమ్ముగూడెం ఆనకట్ట చూడనిదే కదిలేది లేదన్నారు మా మామగారు.

భద్రాచలానికి ఎగువన గోదావరికి అడ్డంగా ఉన్న పాత రాతికట్ట అది. నాగపూరు వైపు పండే పత్తిని పడవల మీద సముద్రందాకా దింపాలని ఆర్థర్ కాటన్ దొర ఆశ. దారిలో మూడుచోట్ల రాతిగుట్టలు నదిని అడ్డగిస్తాయి. వాటిని తప్పించి కాలువలు, లాకులు కట్టే బాధ్యత హేగ్ దొర మీద పడింది. పని సాగుతుండగానే 1867లో బొంబాయి రైలు నాగపూరు చేరింది. పత్తి బండెక్కింది. 1871లో నది పని ఆపేశారు. మరి మూడేళ్ళకు మన సికింద్రాబాదుకూ రైలొచ్చింది!

“మనమెక్కి వచ్చిన రైలే పడవల పొట్ట కొట్టిందోయ్,” అన్నారు మామగారు.

మర్నాడు పోచవరం రేవులో లాంచీ ఎక్కాం. పాపికొండల మధ్య గోదావరి సన్నబడుతుంది; పిల్లలు కూడా అల్లరి మానేశారు. మామగారు పడుచువాడుగా ఉన్నప్పుడు భద్రాచలంలో లాంచీ ఎక్కి రాజమండ్రిలో దిగారట. ఇప్పుడు అంతదూరం పోవు. దిగువన పోలవరం దగ్గర ఆనకట్ట కడుతున్నారు.

పేరంటాలపల్లిలో కొండరెడ్ల ఆడవాళ్ళు వెదురు బొమ్మలు అమ్ముతున్నారు.

“నీళ్ళు పైకొస్తే ఎక్కడికి పోతావమ్మా?” అని అడిగారు మామగారు.

“ఎక్కడో కాలనీ ఇళ్ళంట బాబూ. అక్కడ వెదురుంటదా?”

సరంగు కూత వేశాడు. మామగారు చిల్లర తీసుకోకుండానే లాంచీ ఎక్కారు.