కింది మెట్టు పిల్లలది

1980ల్లో హైదరాబాద్ శివారు కర్మన్‌ఘాట్‌లో ఇళ్లకంటే ఖాళీ ప్లాట్లే ఎక్కువ. కంచన్‌బాగ్ ఫ్యాక్టరీలలో ఉద్యోగాలకు కోస్తా నుంచి వచ్చినవాళ్లు, సాగర్ రోడ్డు పట్టుకుని నల్లగొండ నుంచి వచ్చినవాళ్లు పక్కపక్కనే ఇళ్లు కట్టుకుంటున్న కాలం. మా అమ్మది కృష్ణా జిల్లా. అందుకే మా ఇంట బొమ్మల కొలువు దసరాకు కాదు, సంక్రాంతికి.

భోగికి ముందు అటక మీది ట్రంకు పెట్టె దిగేది. కలరా ఉండల వాసన పట్టిన పాత చీర ముక్కలు విప్పుతుంటే బొమ్మలు ఒక్కొక్కటే బయటపడేవి. బియ్యం డబ్బాలు, పీటలు, నాన్న పుస్తకాలు పేర్చి తెల్ల పంచె పరిస్తే మెట్లు తయారు. మూడైనా, అయిదైనా, ఏడైనా బేసిగా ఉండాలి. పై మెట్టు దేవుళ్లది: శ్రీరామ పట్టాభిషేకం, దశావతారాలు. మధ్య మెట్ల మీద తల ఊపే తంజావూరు బొమ్మ, పప్పుల రాశులు ముందేసుకున్న శెట్టిగారు, శెట్టెమ్మ, కొండపల్లి అంబారీ ఏనుగు, తాటిచెట్టెక్కుతున్న గౌడు.

కింది మెట్టూ, దాని ముందున్న నేలా పిల్లలవి. కొత్త ఇళ్ల ముందు పోసిన ఇసుక అడిగి తెచ్చుకునేవాళ్లం. పగిలిన అద్దం సరూర్‌నగర్ చెరువయ్యేది. మొలకెత్తిన మెంతులు పొలమయ్యేవి. అగ్గిపెట్టెలకు సున్నం పూసి మా ఆంజనేయస్వామి గుడి కట్టేవాళ్లం. ఒక ఏడు పక్కింటి నల్లగొండ అత్తమ్మ పేరంటానికి వచ్చి, "గిన్ని బొమ్మలు పెట్టి బతుకమ్మను పెట్టకుంటే ఎట్లనమ్మా?" అంది. తంగేడు దొరకని కాలం కాబట్టి బంతిపూలతోనే చిన్న బతుకమ్మను పేర్చి ఆమే కూర్చోబెట్టింది. మరుసటేడు ఎవరూ చెప్పకుండానే బతుకమ్మకు చోటు ఉంచాం.

భోగి సాయంత్రం కొలువు ముందే పిల్లల నెత్తిన రేగుపళ్లు, చిల్లర పోసేవారు. శనగలు, తాంబూలం, మంగళహారతి. పండుగ చివరి రాత్రి ఒక బొమ్మను పడుకోబెడితే కొలువు ముగిసినట్టు.

జపాన్‌లోనూ మార్చి 3న ఇలాంటి మెట్లు వెలుస్తాయని చాలా ఏళ్లకు చదివాను. ఆడపిల్లల క్షేమం కోరి చేసే ఆ పండుగ పేరు హినమత్సూరి. ఎర్ర గుడ్డ పరిచిన ఏడు మెట్ల నిండు కొలువులో పై మెట్టున చక్రవర్తి, చక్రవర్తిని. వాళ్ల కింద ముగ్గురు పరిచారికలు, అయిదుగురు వాద్యకారులు, ఇద్దరు మంత్రులు, ముగ్గురు సేవకులు. మొత్తం 15 బొమ్మలు. పండుగ అయ్యాక తీయడం ఆలస్యమైతే పిల్ల పెళ్లి ఆలస్యమవుతుందని వాళ్ల నమ్మకం. కొన్ని ఊళ్లలో కీడు పోవాలని కాగితపు బొమ్మలను ఏటిలో వదులుతారు.

జపాన్ కొలువు వరుస అందమైనదే, కానీ ఎవరి స్థానం వాళ్లకు ముందే ఖాయం. మన కొలువులో రాముడి కింద గాంధీ, గాంధీ పక్కన క్రికెట్ ఆటగాడు కూర్చోవచ్చు. పొరుగింటి పండుగకూ చోటుంటుంది. ఇంటికి ఏ ఏడు ఏది ముచ్చటైందో కొలువు చూస్తే తెలిసిపోతుంది.

కొలువులో ఏటా కనీసం ఒక కొత్త బొమ్మ చేరాలన్న నియమం ఊరికే పుట్టలేదు. మాకు ఆ బొమ్మ నాంపల్లి నుమాయిష్‌లో దొరికేది. జనవరి 1న మొదలయ్యే ఆ ఎగ్జిబిషన్ సంక్రాంతికి సరిగ్గా అందుతుంది. అలా కొలువుకు చేరే బొమ్మ వెనుక చాలా పని ఉంటుంది. కొండపల్లి బొమ్మను తేలికైన తెల్ల పొణికి చెక్కతో చేస్తారు. కాళ్లూ చేతులూ విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికి, సున్నం పూసి రంగులు వేస్తారు. బొమ్మలు చేసే మరో ఊరు ఏటికొప్పాకలో అంకుడు కర్రను మిషను మీద తిప్పుతూ లక్క రంగు పట్టిస్తారు. కొండపల్లికి 2007లో, ఏటికొప్పాకకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కానీ గుర్తింపు పత్రం కూలి ఇవ్వదు. పొణికి చెట్లు తగ్గుతున్నాయి, ప్లాస్టిక్ బొమ్మ చవక. ఏటా ఒక బొమ్మ కొనే ఇళ్లే ఆ పనివాళ్లకు అసలైన అండ.

ఈ సంక్రాంతికి ఒక చెక్క బొమ్మ కొనండి. మెట్లు లేకపోతే టీవీ బల్ల చాలు. పిల్లల చేతికి అందే ఎత్తులో పెట్టండి, ముట్టుకోవద్దని మాత్రం అనకండి.