తెల్లచొక్కా వైద్యం

తెల్లచొక్కా కాస్త రంగు తిరిగిందంటే చాలు, ఇంట్లో అందరి చెయ్యీ నీలం సీసా మీదికే పోతుంది. పూర్వం నీలం పొడిని గుడ్డలో మూటగట్టి బకెట్లో ఆడించేవారు. మూట వదులైతే పంచె మీద నీలి మచ్చలు తేలేవి. ఆ పొడి నీళ్లలో కరగదు మరి. 1983లో త్రిస్సూరులో ఎం.పి. రామచంద్రన్ మొదలుపెట్టిన కంపెనీ నుంచి ఉజాలా వచ్చాక ఆ మూట బాధ తప్పింది. నాలుగు చుక్కలతో పని అయిపోయేది.

చిత్రమేమిటంటే, నీలం పిసరంత మురికిని కూడా వదిలించదు. పసుపు ఛాయను నీలి ఛాయతో కప్పి కంటిని మాయ చేస్తుందంతే. కొలిచి చూస్తే, నీలం పెట్టిన గుడ్డ మునుపటికన్నా కాస్త తక్కువ వెలుతురునే తిప్పి పంపుతుంది. డిటర్జెంట్లలో కలిపే మెరుపు రసాయనాలది ఇంకో గారడీ. ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని నీలి కాంతిగా వదులుతాయవి. పొద్దున ఎండలో తళతళలాడిన లాల్చీ రాత్రి ఫంక్షన్ హాల్లో ఎల్‌ఈడీ దీపాల కింద వెలవెలబోతే, తప్పు ఇస్త్రీ చేసినవారిది కాదు.

గారడీకన్నా ముందు ఉతుకు సరిగా పడాలి. బోరునీళ్లు వాడే ఊళ్లలో ఇదే పెద్ద చిక్కు. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టు కడతాయి. ఆ తెట్టు దారాల్లో ఇరుక్కుని, మురికిని పట్టి ఉంచి, బట్టకు బూడిద రంగు తెస్తుంది. "ఇంకొంచెం పౌడరు వెయ్యి" అనే సలహా పుట్టేది ఇక్కడే, పని చెడేదీ ఇక్కడే. జాడింపు చాలక ఆ పౌడరు కూడా గుడ్డలోనే ఉండిపోతుంది. అనుమానముంటే, ఉతికి ఆరేసిన తువ్వాలును ఉత్త వేడినీళ్లలో వేసి పిసికి చూడవచ్చు. నురగ వచ్చిందా, దొంగ దొరికినట్టే.

దీనికి మందు చాకిరేవులో ఎప్పటినుంచో ఉంది. చౌడు నీళ్లలో తడిపిన బట్టలను రజకులు బాన మీద పేర్చి ఆవిరి పట్టించేవారు. చౌడులో బట్టను శుభ్రం చేసేది సోడియం కార్బొనేటు. కిరాణా కొట్లో అమ్మే బట్టల సోడా కూడా అదే. తెల్ల నూలు బట్టకు ఇప్పటికీ దీన్ని మించింది లేదనిపిస్తుంది. చెయ్యి పెట్టలేనంత వేడినీళ్లు, బకెట్టుకు రెండు మూడు చెంచాల సోడా, రాత్రంతా నానడం, పొద్దున రెండు మూడు నీళ్లలో జాడింపు, ఆపైన ఎర్రటి ఎండ. చంకల్లో, కాలరు మీద చెమట పసుపు మొండికేస్తే సోడియం పెర్‌కార్బొనేటు ఉంది. వేడినీళ్లు తగిలితే చురుగ్గా పనిచేస్తుంది, చన్నీళ్లలో బద్ధకిస్తుంది.

బ్లీచింగ్ ద్రవం సంగతి వేరు. నూలుకు అప్పుడప్పుడూ ఫర్వాలేదు కానీ పట్టు, ఉన్ని పసుపెక్కి చీకిపోతాయి. నీళ్లలో ఇనుముంటే బ్లీచింగుతో అది కాస్తా తుప్పు మరకై కూర్చుంటుంది. ఆ మరకకు నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టాలి. అయితే బ్లీచింగూ నిమ్మరసమూ ఒకే బకెట్లో పడకూడదు, క్లోరిన్ వాయువు పుడుతుంది.

వీటిలో దేనికీ లొంగనిది ఒకటుంది. ఎవరి బట్టలు ఎవరివో తెలియడానికి రజకులు నల్లజీడి రసంతో పెట్టే గుర్తు. పంచె చిరిగి మసిగుడ్డ అయినా అది చెక్కుచెదరదు. కాలరు లోపలో, అంచు మూలనో పెట్టేది అందుకే.